పప్పు ఉడికిన నీళ్లు

ముప్పై అయిదేళ్ల పైనే మోశాను దీన్ని. ఎవరికీ చెప్పలేదు. మా ఆయన పోయేదాకా ఆయనకూ చెప్పలేదు. దేవుడికి ఎలాగూ తెలిసే ఉంటుందిలే అని గుడికి వెళ్లినా నోరు విప్పలేదు. పనిలో పడితే గుర్తుండదు. కానీ ఎవరైనా నన్ను చూసి "నువ్వు చానా మంచిదానివమ్మా" అన్నప్పుడల్లా గొంతులో చేపముల్లు అడ్డం పడ్డట్టుంటుంది. మింగుడు పడదు, బయటికీ రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను.

నేనొక ఉత్తరం దాచాను. వినడానికి ఎంత చిన్న మాటో కదా.

మా ఊరు గురజాల దగ్గర. పేరు వద్దు. రాతినేల. బావి తవ్వితే నీళ్లు పడటమే గొప్ప, పడ్డా అవి నోట పెట్టుకునేలా ఉంటాయన్న నమ్మకం లేదు. నీళ్లు మంచివో కావో మా దగ్గర తేల్చేది కందిపప్పు. పప్పు ఉడికితే మంచినీళ్లు, ఉడక్కపోతే వాడుకనీళ్లు. పిల్లనిచ్చేవాళ్లు పొలం ఎంతుందో అడిగాక, మీ నీళ్లకు పప్పు ఉడుకుద్దా అని కూడా అడిగేవాళ్లు. మా పుట్టింటివాళ్లు ఆ రెండో ప్రశ్న అడగడం మర్చిపోయారు.

మా ఆయనకు ఒక్కడే అన్న. పంపకాల్లో బావి ఉన్న దొడ్డి ఆ అన్నగారికి వెళ్లింది, వీధి వైపు వసారా ఇల్లు మాకొచ్చింది. ఆ వసారాలోనే పోస్టాఫీసు, మా ఆయన పోస్టుమాస్టరు. మేమూ పెరట్లో ఒక బావి తవ్వించాం. ఆ నీళ్లతో పప్పు పొయ్యి మీద పెడితే పుల్లలన్నీ అయిపోయేవి గానీ గింజ మెత్తబడేది కాదు. అందుకని రోజూ పొద్దున్నే బిందె చంకన పెట్టుకుని నా తోడికోడలి దొడ్డికి వెళ్లేదాన్ని. ఆమె పేరు మార్చి కోటమ్మ అంటాను.

కోటమ్మక్క గయ్యాళిదై ఉంటే నా బతుకు ఎంత బాగుండేదో! అలాంటిదేమీ లేదు. దొడ్డి తలుపుకు గడియ వేసేది కాదు. ఊళ్లో సగంమంది అక్కడే తోడుకునేవాళ్లు. కడుపుతో ఉన్న వాళ్లు వస్తే చేద తానే అందుకుని తోడి పోసేది. నన్ను చూడగానే వరసలో ఉన్న ఆడవాళ్లందరినీ పక్కకు జరగమనేది. "పాపం, దాని నీళ్లకు పప్పు ఉడకదమ్మా, ముందు దాన్ని పట్టుకోనీయండి" అనేది. ప్రేమతోనే అనేది. ఆ ప్రేమ నాకు ఒంటి మీద కారం చల్లినట్టు ఉండేది. ఆ "పాపం" అనే మాట పదకొండేళ్లు విన్నాను. అందరి ముందూ విన్నాను. ఆమె ఒక్కసారి పొమ్మని ఉంటే తిట్టుకుని హాయిగా ఉండేదాన్ని. మంచిదాన్ని ఎలా తిట్టుకోవాలి?

కుళ్లు. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు. ఆమె ముఖం మీద నవ్వుతూ, ఇంటికొచ్చి బిందె దించుతూ కళ్లల్లో నిప్పులు పోసుకునేదాన్ని.

ఎనభైలు అయిపోవస్తుండగా ప్రభుత్వం వాళ్లు మా వీధిలో, సరిగ్గా పోస్టాఫీసు ఎదురుగా, బోరు వేశారు. రెండు వందల అడుగులు దిగినా అర బిందెడు నీళ్లకంటే ఎక్కువ రాలేదు. నా ముఖం మాడిపోయింది. నెల తర్వాత ఇంకో లారీ వచ్చింది. బోరు లోపలికి రబ్బరు బిరడా దించి, బిగించి, మిషనుతో నీళ్లను లోపలికి కొట్టారు. ఆ ఒత్తిడికి అడుగున బండలో మూసుకున్న సందులు తెరుచుకుంటాయట. ఊరంతా పని మానుకుని వచ్చి చూసింది. నీళ్లు పోసి నీళ్లు తెస్తారంట, ఇదెక్కడి విడ్డూరం అని ముసలివాళ్లు నవ్వారు. సాయంత్రానికి పంపు బిగించి కొడితే ధార పడింది. ధగధగలాడే నీళ్లు. కొబ్బరికాయ నేనే కొట్టాను. బోరు మా ఇంటి ఎదుట కదా!

వెంట వచ్చిన ఇంజనీరు మాత్రం నవ్వలేదు. ఒక సీసా ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి, నింపి, చీటీ అంటించాడు. బండ పగిలాక ఏ లోతు నీళ్లు ఏ సందులోంచి వచ్చి కలుస్తాయో ఎవరికీ తెలియదని, పరీక్ష కాగితం వచ్చేదాకా అవి ఎవరూ తాగకూడదని, అది రూలని సర్పంచికి గట్టిగా చెప్పాడు. పంపు చేతికి గొలుసు చుట్టి తాళం వేసి, తాళంచెవి సర్పంచి చేతిలో పెట్టి వెళ్లాడు.

ఆ తాళం మూడు రోజులుంది. నాలుగో రోజు ఎవరో బతిమాలితే సర్పంచి వాడకానికని తీశాడు. నేను ఒక చెంబు తీసుకెళ్లి పప్పు పెట్టాను. రెండు పొంగులకే వెన్నలా ఉడికింది. ఆ గిన్నె పట్టుకుని వీధిలోకి వచ్చి అందరికీ చూపించాను. ఇంక పరీక్ష కాగితం ఎవరికి కావాలి? మా ఊరి పరీక్ష అయిపోయింది.

తర్వాతి వారం రోజులు నేను బతికిన రోజులు. కోటమ్మక్క దొడ్డికి వెళ్లే ఆడవాళ్లు ఒక్కొక్కరే మా వీధికి తిరిగారు. మా అరుగు మీద కూర్చుని వంతు కోసం ఎదురు చూసేవాళ్లు. నన్ను పిన్నీ అని, వదినా అని పిలిచి మంచీచెడ్డా చెప్పుకునేవాళ్లు. నేను ఎవరిని ముందు పట్టుకోమంటే వాళ్లే ముందు.

అప్పుడొచ్చింది కవరు.

మా ఆయన పొలం వెళ్లినప్పుడు టపా సంచి విప్పి ముద్రలు కొట్టేది నేనే. పదో తరగతి దాకా చదివాను, ఆ పని నాకు గర్వం. గోధుమరంగు సర్కారు కవరు, సర్పంచి పేరు మీద. ఎక్కడి నుంచి వచ్చిందో చూడగానే తెలిసింది. ఎందుకు విప్పాను? మంచి కబురైతే ముందు నేనే ఊరికి చెప్పాలని. అవును, అందుకే. జిగురు సరిగా అంటలేదు, పొయ్యి మీద ఆవిరి కూడా అక్కర్లేకపోయింది.

నీళ్లలో ఫ్లోరైడు ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ ఉందని, తాగడానికి, వంటకు పనికిరావని, ముఖ్యంగా చిన్నపిల్లలకు ఇవ్వకూడదని, పంపుకు ఎర్రరంగు వేసి బోర్డు పెట్టాలని రాసి ఉంది. రెండుసార్లు చదివాను. ఫ్లోరైడంటే టూత్‌పేస్టులో వేస్తారు కదా, పళ్లకు మంచిదంటారు కదా అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక అలా అనుకోవడం నాకు అవసరమైందా? ఇన్నేళ్లుగా తిప్పి తిప్పి చూసుకున్నా తేలలేదు. కానీ ఒకటి మాత్రం తేటగా గుర్తుంది. ఆ కాగితం చదువుతుంటే నా కళ్ల ముందు ఆడింది పిల్లల పళ్లు కావు. ఎర్రరంగు పంపు, ఖాళీ అరుగు, మళ్లీ బిందెతో ఆ దొడ్డిలో నేను, "పాపం, దాన్ని ముందు పట్టుకోనీయండి" అన్న మాట. అంతే. కవరు బియ్యం డబ్బాలో పెట్టాను. ఆ ఇంజనీరు పెట్టిన రూలు, ఆ సీసా, ఆ చీటీ, ఆ తాళం, అంతా చివరికి ఒక కవరు మీద ఆధారపడింది. ఆ కవరు ఒక ఓర్వలేని ఆడదాని చేతిలో పడింది.

అప్పటికీ చెప్పడానికి వీలుంది. రెండు రోజుల్లో ఏం మునిగిపోదని వాయిదా వేశాను. రెండో రోజే కోటమ్మక్క వచ్చింది. ఖాళీ బిందెతో. మా అరుగు ముందుకు. వెనక నాలుగేళ్ల కూతురు, కొంగు పట్టుకుని. ఆ పిల్లను శ్రీలక్ష్మి అందాం.

"ఏమే, నీ పంపు నీళ్లు తేనెలాగున్నయ్యంట గదా" అంది.

"పట్టుకో అక్కా, నీదానికి అడగాల్నా" అన్నాను.

"అది కాదే. ఆ కాగితమేందో రావాలన్నాడు గదా ఆ ఇంజనీరు. మా బావిలో నీళ్లు అడుగంటినయ్యి, బురద వస్తంది. పిల్ల తాగుద్ది. సర్పంచి నడిగితే రాలేదన్నాడు. నీ చేతి మీదగా గదా వచ్చేది, నిన్నడిగి పట్టుకుందామని వచ్చా."

ఆమె నన్ను అడిగింది. సర్పంచి మాట చాలక నా మాట కోసం వచ్చింది. పదకొండేళ్లలో మొదటిసారి ఆమె చంకన ఖాళీ బిందె, నా ఎదుట నీళ్లు.

"వచ్చిందక్కా. బాగున్నయ్యంట. సర్పంచికి ఇంకా అందలేదేమో" అన్నాను. నోరు తడబడలేదు. ఇంకా ఏం చేశానో తెలుసా? వరసలో ఉన్న వాళ్లను జరగమన్నాను. "పాపం, అక్క బావి ఎండిపోయిందంట, ముందు పట్టుకోనీయండి" అన్నాను. పంపు నేనే కొట్టాను. శ్రీలక్ష్మి దోసిలి పట్టి తాగింది.

ఆ క్షణం నాకు కలిగింది భయం కాదు. సంతోషం. దాన్ని కూడా రాయకపోతే ఈ రాత అంతా అబద్ధమే.

ఆ మధ్యాహ్నమే కవరు పొయ్యిలో పెట్టాను. ఇంక దాన్ని చూపించే దారి లేదు. చూపిస్తే నేనన్న మాట అబద్ధమని తేలుతుంది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏంటో అప్పుడు తెలిసింది నాకు, కోసింది నేనే కాబట్టి.

నా ఇద్దరు కొడుకులూ అప్పటికే సత్తెనపల్లి హాస్టల్లో ఉన్నారు. వాళ్లు ఆ నీళ్లు తాగింది సెలవుల్లోనే. అది నేను కావాలని చేసింది కాదు. కానీ ఒక్కోసారి నన్ను నేనే అడుగుతాను: వాళ్లు ఇంట్లో ఉంటే ఆ కవరు పొయ్యిలో పడేదా?

శ్రీలక్ష్మికి పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చాయి. తెల్లగా రాలేదు. ముందు సుద్ద పూసినట్టు గీతలు, తర్వాత పసుపు, తర్వాత గోధుమరంగు. తోమడం లేదని కోటమ్మక్క పిల్లను కొట్టింది. బొగ్గుపొడితో, ఉప్పుతో, చిగుళ్ల నుంచి రక్తం వచ్చేదాకా తోమించింది. నేను పక్కనే ఉండి చూశాను. "దాని తప్పేం లేదక్కా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం నేర్చుకుంది. ఇప్పుడు నరసరావుపేటలో కాపురం, ఇద్దరు పిల్లల తల్లి. ఇప్పటికీ ఆ చెయ్యి దిగలేదు.

ఏడెనిమిదేళ్లకు బళ్లో పిల్లల పళ్లు చూడటానికి డాక్టర్లు వచ్చాకే సంగతి బయటపడింది. మా వీధి పిల్లల్లో చాలామంది పళ్లు అలాగే ఉన్నాయి. ఆఫీసువాళ్లు ఫైలు తిరగేసి, అప్పుడే రాశామన్నారు. సర్పంచి తనకు అందలేదని ఒట్టు పెట్టుకున్నాడు. అందరూ మా ఆయన వైపు చూశారు. అప్పుడు నువ్వు వచ్చిందన్నావు గదే అని కోటమ్మక్క అడిగితే, ఎవరో అంటే విని చెప్పానక్కా అన్నాను, నమ్మింది. తన చేతి మీద ఒక్క కార్డు కూడా పోలేదని జీవితమంతా చెప్పుకున్న మనిషి, ఆ రోజు అన్నం తినకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా పళ్లెం తీసి లోపల పెట్టాను. పప్పు ఉడికే నీళ్లు చెడ్డవెలా అవుతాయని ఊరంతా వాదించింది. డాక్టరు ఓపిగ్గా చెప్పాడు, పప్పును ఉడికించే మెత్తటి నీళ్లలోనే ఈ విషం ఎక్కువగా ఉంటుందమ్మా, పప్పుకు ఆ సంగతి తెలియదు అని. పంపుకు ఎర్రరంగు వేశారు. ఎనిమిదేళ్ల ఆలస్యంగా.

కోటమ్మక్కకు ఇప్పుడు మెడ తిరగదు. చేతులు భుజం దాటి లేవవు. వయసు అన్నారు కొందరు, డాక్టరు మాత్రం నీళ్లే అన్నాడు. రోజూ పొద్దున్నే వెళ్లి ఆమె తల దువ్వి జడ వేసేది నేనే. తోడికోడలంటే నువ్వేనమ్మా అని ఊరు నన్ను మెచ్చుకుంటుంది. నేను మారిపోయానని మీరు అనుకునేరు. మొన్న పక్కింటామె ఆమెను చూసి, ఇంత బాధలో కూడా ఒక్క మాట ఎవరినీ అనదు, మహాతల్లి అంది. దువ్వెన నా చేతిలో ఒక్క క్షణం ఆగింది. అదే పాత మంట. ఈ వయసులో, ఈ పని చేసినదాన్ని, నాకు ఆమె మీద ఇంకా అసూయ!

చెప్పేయొచ్చు కదా అంటారు. ఎన్నోసార్లు నోరు తెరిచాను. ఆగింది భయం వల్ల కాదు. తిడుతుందన్న భయమైతే ఎప్పుడో చెప్పేదాన్ని. ఆమె తిట్టదు. కళ్లనీళ్లు తుడుచుకోవడానికి చెయ్యి లేవక నన్నే తుడవమంటుంది, తర్వాత "పోనీలేవే" అంటుంది. ఆ "పోనీలేవే" నేను భరించలేను. నేను చేసిన పాపంతో కూడా ఆమే నాకంటే పైమెట్టు ఎక్కుతుంది. క్షమాపణ కూడా ఆమె చేతి నుంచి తీసుకోలేనంత కుళ్లు నాది. ఈ మాట రాసి కొట్టేయాలనిపించింది, కానీ కొట్టేయను.

మీరు నన్ను క్షమించలేరు. పాడైంది మీ పిల్ల పళ్లు కాదు, బిగుసుకుపోయింది మీ మెడ కాదు. అందుకే మీకు చెప్పాను. నా గురించి ఏమనుకుంటారో అనుకోండి, కాదనను. ఇన్నేళ్ల తర్వాత, నేనేమిటో తెలిసిన మనిషి ఈ లోకంలో ఒకరున్నారు.