మా సినిమాకు మాటలు చెప్పిన బాబాయి

మొన్న ఆదివారం అబుదాబి పక్కనున్న ముసఫ్ఫా నుంచి ఫోన్ వచ్చింది, స్క్రాప్ యార్డులో మాతో పనిచేసిన బాబాయి పోయాడని. గుండెనొప్పి అన్నారు. నేను ఆ పని మానేసి దుబాయ్‌లోని డేరాలో ఒక కొట్లో చేరినా, ఆదివారం అనగానే ఇప్పటికీ ఆయన ఉల్లిపాయలు తరుగుతూ కనిపిస్తాడు.

బాబాయి మాలో ఎవరికీ సొంత బాబాయి కాదు. అమలాపురం వైపు మనిషి, గ్యాస్ కటింగ్ చేసేవాడు. ఆయన ఫోన్‌లో ఒక ఫ్రెంచి కామెడీ సినిమా ఉండేది. ఆ భాష మేముండే గదిలో ఒక్కరికీ రాదు. మీరు నమ్మరు గానీ, ఆయన సౌండు తీసేసి, ఆదివారం పులావుకు ఉల్లిపాయలు తరుగుతూ, అందరి మాటలూ తానే కోనసీమ యాసలో చెప్పేవాడు. వాసన తెలియని రొట్టెలవాడు, కుంటి పోస్ట్‌మాన్, నిలబడే నిద్రపోయే ఆడమనిషి కలిసి, తమ బతుకులు చెడగొట్టిన మిల్లు యజమాని మీద చిలిపిగా పగ తీర్చుకునే కథ. చెప్పిన ప్రతిసారీ మాటలు మారిపోయేవి. మేము పడీపడీ నవ్వేవాళ్ళం.

ఒకరోజు పనిలో నిప్పురవ్వ పడి మా గదిలోని కడప తమ్ముడి కన్ను పోయింది. రవ్వలు తగలకుండా పెట్టుకునే కళ్ళద్దాలు అడిగితే లేవని, అలాగే ఇనుము కోయించాడు ఫోర్‌మన్. తర్వాత ముదీర్‌కు, అంటే మా మేనేజరుకు మాత్రం, ఇచ్చినా పెట్టుకోలేదని చెప్పాడు. వాడిని కొట్టాలని మేము ఊగిపోయాం. బాబాయి ఆపాడు.

"కొడితే మనల్ని ఇంటికంపేత్తారు, ఆడు ఇక్కడే ఉంటాడు. సినిమాలో ఆళ్ళు ఎవడి మీదన్నా చెయ్యెత్తారేంట్రా?" అన్నాడు.

మర్నాడు ముదీర్ వచ్చేసరికి మేమందరం ఒక కంటికి గుడ్డ కట్టుకుని వరసగా నిలబడ్డాం. ఇదేమిటని ఆయన అడిగాడు. కళ్ళద్దాలు వచ్చేదాకా ఒక కన్నయినా దాచుకుంటున్నామని బాబాయి తన హిందీలో చాలా మర్యాదగా చెప్పాడు. మధ్యాహ్నానికల్లా పెట్టెడు కళ్ళద్దాలు దిగాయి. ఆ సాయంత్రం కంపెనీ బస్సులో పెళ్ళివారిలా తిరిగొచ్చాం.

కానీ ఫోర్‌మన్ తన అబద్ధాన్ని వెనక్కి తీసుకోలేదు. తప్పు తనదేనన్న మాట నెత్తిన వేసుకుని కడప తమ్ముడు ఊరెళ్ళిపోయాడు. ఆ తర్వాత బాబాయి సినిమాను చివరిదాకా ఎప్పుడూ చెప్పలేదు. ఆఖర్న మిల్లు యజమాని పిండిలో పడే ముందే ఆపేసేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"ఆళ్ళు గెలిచారని ఏ మొహం పెట్టుకుని చెప్పన్రా?" అన్నాడు.

ఆ ఫోర్‌మన్ ఇంకా అక్కడే ఉన్నాడు. నాకు కోపం ఇప్పటికీ చల్లారలేదు. బాబాయి కూడా అది చల్లారకుండానే పోయాడని నా బాధ.

బాబాయిని విమానం ఎక్కించాక పాత గదికి వెళ్ళాం. కడప తమ్ముడు వీడియో కాల్ చేశాడు. ఏడవలేదు. "ఆ సినిమా పెట్టండన్నా, కడదాకా చూద్దాం" అన్నాడు.

మా ఫోన్లలోనూ ఉంది కాబట్టి పెట్టాం. సౌండు పెంచడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. యజమాని పిండిలో పడ్డాడు. రొట్టెలవాడు, పోస్ట్‌మాన్, ఆ నిద్రమనిషి ఒకరి మీద ఒకరు వాలి నవ్వుతూ ఏదో చెప్పుకుంటున్నారు. పెదాలు కదులుతున్నాయి. మా గదిలో ఒక్కరూ వాళ్ళ తరఫున మాట్లాడలేదు.