ఆరు మిల్లీమీటర్లు

చేతికి పొడుగాటి వస్తువు ఏది వచ్చినా దశరథ్ ఒక కన్ను మూసి దాని అంచు వెంబడి చూస్తాడు. దువ్వెన, అగరుబత్తి, మంచం పట్టె. వంకర ఉంటే రెండోసారి చూస్తాడు.

పంతొమ్మిదేళ్లు అతను పటాన్‌చెరులోని ఒక షెడ్డులో ఫిట్టర్. రసాయనాల కంపెనీలకు ట్యాంకులు, పైపులు చేసే షెడ్డు అది. గత ఏడాది, కొలత మించిన పైపును రెండు ట్యాంకుల మధ్య గడ్డపారతో ఇరికిస్తుంటే కుడి భుజం జారింది. పది కిలోలకు మించి ఎత్తవద్దని డాక్టరు చెప్పాడు. షెడ్డులో పది కిలోలలోపు ఉండేది చాయ్ కెటిల్ ఒక్కటేనని, పైపులు కోసే ఐలన్న నవ్వించబోయాడు.

నలభై మూడేళ్ల వయసులో, సంగారెడ్డిలో సాయంత్రాలు డ్రాఫ్టింగ్, అంటే కొలతలతో బొమ్మలు గీయడం, నేర్పే చోట చేరాడు. తరగతిలో మిగతా అందరూ ఇరవై దాటనివాళ్లు. పాఠం చెప్పే హుస్నా మేడమ్‌కు ఇరవై ఆరు. ఆమె కూడా అతన్ని అంకుల్ అనేది.

మొదటి నెల కంప్యూటర్ ముట్టనివ్వలేదు. బల్ల మీద చెక్క దిమ్మె పెట్టి, ముందు నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి బొమ్మలు గీయమనేది. దశరథ్ ముందు నుంచి చూసే బొమ్మలోనే వెనక ఉన్న రంధ్రం కూడా గీశాడు.

“అంకుల్, వెనక రంధ్రం ఉన్నదని మీకు ఎరుక. ముంగటి నుంచి కనిపిస్తదా?”

“కనిపించకపోతే ఉండదా మేడం?”

“ఉంటది. గందుకే దానికి ముక్కల గీత. కనిపించేదానికి నిండు గీత. రెండూ ఒక్కతీరు గీస్తే కోసేటోడు ఆగమైతడు.”

ఆగమైన కోసేటోళ్లను అతను చాలామందిని చూశాడు. ఆ మాట నేరుగా లోపలికి వెళ్లింది.

పెన్సిలును వేళ్ల మధ్య తిప్పుతూ గీస్తే గీత మందం మారదని నేర్చుకున్నాడు. వస్తువు గీతలు ముదురుగా, కొలత గీతలు సన్నగా. ఒక కొలతను ఒక్క చోటే రాయాలి. రెండు చోట్ల రాస్తే ఏదో ఒకనాడు రెండూ వేరవుతాయి.

చివరి వారం హుస్నా మేడమ్ అందరికీ తలా ఒక కాగితం ఇచ్చింది. ఈ ఏడు ఏ పని, మూడేళ్లకు ఏ పని, ఐదేళ్లకు ఏ పని, రాయమంది. పిల్లలు దుబాయ్ రాశారు, డిజైన్ ఇంజినీర్ రాశారు. దశరథ్ మూడు గడుల్లోనూ డ్రాయింగ్ గది అని రాశాడు.

“మంచిదే అంకుల్. అది కాకపోతే ఏందో గూడ కింద రాయుండ్రి.”

అతను కింది గడి ఖాళీగానే ఇచ్చాడు.

షెడ్డు యజమాని పై అంతస్తులోని డ్రాయింగ్ గదిలో అతన్ని పెట్టుకుని మూడు నెలలు చూస్తానన్నాడు. గదికి పెద్ద మొయిన్ సాబ్. ఆయన సరేనంటే కుర్చీ నిలుస్తుంది. అంతకు ముందు వచ్చినవాడు ఒక్క తప్పు డ్రాయింగుతో వెళ్లిపోయాడని దశరథ్‌కు తెలుసు. ఆ గదిలో అతను ఫ్యాను చప్పుడుకు కూడా తలెత్తేవాడు.

పదకొండు వారాలు గడిచాయి. పన్నెండో వారం మొదట్లో బొల్లారంలోని ఒక మందుల కంపెనీకి పంపారు. యాసిడ్ తినేసిన పైపులు మార్చాలి. వరుస ట్యాంకుల మధ్య పద్నాలుగు, అన్నీ ఒకే కొలత. టేపు పట్టింది అతను ఒక్కడే. పన్నెండు వందల నలభై మిల్లీమీటర్లు. డ్రాయింగు గీశాడు. మొయిన్ సాబ్ గీతలన్నీ చూసి సంతకం చేశాడు. టేపు పట్టనివాడు కొలతను ఎలా పట్టుకోగలడు? కుడి మూల గడిలో, గీసినవారు అన్నచోట, దశరథ్ పేరు.

ఆ సాయంత్రం షేర్ ఆటోలో లక్డారంలోని ఇంటికి పోతుంటే పక్కన ఐలన్న కూర్చున్నాడు.

“రేపు పొద్దుగాల నీ పైపులే కోసేది, సాబ్. ఆరు కలిపి కోస్త.”

“ఏ ఆరు?”

“ఏ ఆరంటవేంది? మెట్లెక్కంగనే మర్సినవా? నాలుగు వెల్డింగు అతుకులు, అతుకుకు ఒకటిన్నర. సల్లారినంక ఇనుము గుంజుకోదా?”

దశరథ్ ఫోను తీసి డ్రాయింగు ఫొటో చూశాడు. పన్నెండు వందల నలభై ఆరు. కోసేటోడు కలపాల్సిన ఆరు, గీసేటప్పుడే అతని చెయ్యి కలిపేసింది. పంతొమ్మిదేళ్లుగా కలిపిన చెయ్యి. డ్రాయింగులో ఉండాల్సింది పైపు పూర్తయ్యాక ఉండే కొలత. ఇప్పుడు ఐలన్న మళ్లీ కలిపితే పద్నాలుగు పైపులూ ఆరు మిల్లీమీటర్లు పొడుగు. ఏదీ ట్యాంకుల మధ్య దూరదు.

ఆటో దిగాక చెప్పాడు. ఐలన్న పెద్దగా నవ్వాడు.

“గంతేనా! నేను కలపను తియ్. నలభై ఆరుకే కోస్త, సల్లారినంక నలభైకి వస్తది. మొయిన్ సాబ్‌కు గాలి గూడ తగలది.”

“కాయితం మీద తప్పే ఉంటది గదనే.”

“కాయితాన్ని ఎవడన్న బిగిస్తడా? బిగించేది పైపును. పో, పోయి తిను.”

అతను తినలేదు. కంచం ముందు చేతులు కడుక్కుని మళ్లీ కడుక్కున్నాడు. భార్య నాగేశ్వరి అడిగి అడిగి రాబట్టింది.

“ఐలన్న సూసుకుంట అన్నడు గదా. ఇగ ఎందుకు పరేషాన్?”

“ఆ పైపులను రెండేండ్లల్ల యాసిడ్ మళ్ల తింటది. గప్పుడు గిదే కాయితం తీస్తరు. కోసేటోడు ఐలన్న కాకపోవచ్చు. వాడు ఆరు కలుపుతడు. గడ్డపారతోని ఇరికించేటోడు ఎవడో ఒకడుంటడు.”

“వారం ఆగు. కుర్చీ పక్కా అయినంక దిద్దు.”

అతను ఆ మాటను తిప్పి తిప్పి చూశాడు. అందులో తప్పు కనపడలేదు. వారం తర్వాత దిద్దితే మాత్రం ఎవరు అడుగుతారు? కానీ కుర్చీ పక్కా అయ్యాక దిద్దుతాడా? అప్పుడు పోగొట్టుకోవడానికి కుర్చీ ఉంటుంది.

“కొలువు పోతే ఈ భుజంతోని నీకు పని ఎవలిస్తరు?” అంది ఆమె, ఇంకాసేపటికి.

“ఎవలియ్యరు.”

ఆమె ముట్టని కంచం తీసి లోపల పెట్టింది.

మర్నాడు మొదటి ఆటోలో వెళ్లాడు. షిఫ్టు మొదలవకముందే ఐలన్న బల్ల మీది డ్రాయింగు తీసుకున్నాడు. ఐలన్న అప్పుడే చొక్కా మార్చుకుంటున్నాడు.

“ఏంరా, నా మాట మీద నమ్మకం లేదా?”

“ఉన్నది అన్నా. జెర ఆగు, కొయ్యకు.”

పైకి వెళ్లి కంప్యూటర్ తెరిచాడు. నలభై ఆరును నలభై చేశాడు. సవరణ గడిలో తేదీ వేశాడు. కారణం అన్నచోట, కొలత రాయడంలో గీసినవారి పొరపాటు అని రాశాడు. రాసి, దాన్ని రెండుసార్లు చదివాడు. ప్రింటు తీశాడు.

మొయిన్ సాబ్ స్కూటరు ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా వచ్చింది. దశరథ్ మెట్ల కింద నిలబడి ఉన్నాడు.

“క్యా హువా దశరథ్ భాయ్, గింత జల్దీ?”

దశరథ్ పాత కాగితం పైన, కొత్త కాగితం కింద పెట్టి, రెండూ ఆయన చేతికిచ్చాడు.