మొదలెట్టిన గొంతు

అందరూ ఆమెను తక్కెడక్క అనేవారు. ఆ పేరు పెట్టింది ఆఫీసులో పక్క బల్ల బాబాయి. ఆయన నోరు ఊరుకోదు, ఎవరికో ఒకరికి పేరు తగిలించకపోతే ఆయనకు పొద్దుపోదు. గొంతు అటూ మొగ్గదు, ఇటూ మొగ్గదు కాబట్టి తక్కెడ అన్నాడు. మిగతా పేర్లన్నీ వారం తిరక్కుండా రాలిపోయాయి గానీ ఇది మాత్రం అతుక్కుపోయింది.

ఆమె పనేమిటంటారా? ఊళ్ళో జనం ఏమనుకుంటున్నారో ఫోన్ చేసి అడగడం. బట్టల గిడ్డంగి మేడమీద పొడుగాటి గది, అట్టముక్కలతో అడ్డాలు కట్టిన బల్లలు, చెవులకు తగిలించుకునే ఫోన్లు. ఏ ఇంటికి ఫోన్ వెళ్ళాలో యంత్రమే ఎంచుకుంటుంది. ఎవరి నంబరో అడిగేవాళ్ళకు కనబడదు. మునుపు సబ్బు బాగా నురగొస్తోందా, బస్సు వేళకొస్తోందా అని అడిగేవాళ్ళు. ఎక్కడో సముద్రాల అవతల యుద్ధం మొదలయ్యాక అవన్నీ మూలపడ్డాయి. ఇప్పుడు అందరినీ ముందుగా అడిగేది ఒకటే. "దూరదేశంలో మన సైన్యం చేస్తున్న యుద్ధంలో మనం గెలుస్తామని మీరు అనుకుంటున్నారా? గెలుస్తాం, గెలవలేం, చెప్పలేను. ఈ మూడింట్లో ఒకటి చెప్పండి."

ఇంతేగదా, ఎవరైనా అడగొచ్చు అనుకునేరు! అదంత తేలిక కాదు. అడిగేవాళ్ళు గొంతు రవ్వంత పైకి లేపితే జనం అవునంటారు, దించితే కాదంటారు. జనం అంతే మరి, గాలి ఎటుంటే అటు. అందుకని రాసి ఉన్నది రాసి ఉన్నట్టు, ఎత్తూ పల్లం లేకుండా చదవాలి. అవతలివాళ్ళు "మరి మీరేమంటారు?" అని ఎదురడిగితే చెప్పవలసిన మాట ఒక్కటే: "మా అభిప్రాయం కాదండీ, మీ అభిప్రాయమే ముఖ్యం." ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. మధ్యలో తెగిపోయిన ఫోన్‌ను యంత్రం మరోరోజు మళ్ళీ కలుపుతుంది. అప్పుడు మొదలెట్టిన గొంతే పూర్తి చెయ్యాలి. వేరేవాళ్ళు ముట్టుకోకూడదు. "గొంతు మారితే జవాబు మారుతుందర్రా" అని పెద్దమేడమ్ రోజూ పొద్దున పలహారంలా వడ్డించేది.

మొదట్లో అడగడం ఆలస్యం, జనం గెలుస్తాం అనేవారు. ఒకాయన కూరగాయల వాడితో బేరమాడుతూనే, "గెలుస్తామమ్మా, వాళ్ళెంత, వాళ్ళ బతుకెంత... ఒరేయ్, పుచ్చులు ఏరి పక్కన పెట్టు" అన్నాడు. ఒకావిడ మాత్రం, "గెలిస్తే పిల్లలు తొందరగా వస్తారా, ఓడితే తొందరగా వస్తారా? ఏది తొందరైతే అదే నా పేరున వేసుకో తల్లీ" అంది. తక్కెడక్క ఆ మాటను "చెప్పలేను" కింద వేసింది.

ఆ రోజు ఇంటికి పోయినా ఆ మాట ఆమెను వదల్లేదు. ఎందుకు వదుల్తుంది? ఆమె కొడుకు కూడా ఆ యుద్ధంలోనే ఉన్నాడు.

ఉన్నది ఒక్కడే కొడుకు. అయినా వాడిని చిన్నోడనే పిలిచేది. తండ్రి పోయాక ఇద్దరే మిగిలారు. రెండు గదుల మేడమీది వాటా, కింద ఇంటావిడ, ఆవిడ నోరు. చిన్నోడు టైర్లకు గాలి కొట్టే దుకాణంలో పనిచేసేవాడు. ఫోన్ మోగితే కాలితో ముక్కాలిపీట లాక్కుని కూర్చునేవాడు, మాట్లాడుతున్నంతసేపూ పక్క గోడను గోటితో గీకేవాడు. సున్నం రాలి పీట తెల్లబడేది. "ఇల్లు నీ బాబుగాడు కట్టించాడా, అద్దెకొంప రా!" అని ఆమె తిట్టేది. వాడు ఆ చెయ్యి తీసి ఈ చేత్తో గీకేవాడు.

సైన్యంలోకి రమ్మని పిలుపొచ్చినప్పుడు, ఇష్టమైనవాళ్ళే రావచ్చు, బలవంతం లేదన్నారు. ఆ సాయంత్రం అన్నం దగ్గర వాడు అడిగాడు. "అమ్మా, నువ్వేమంటావ్? గెలుస్తామా? వెళ్ళమంటావా?"

పొద్దున్నించీ ఊరందరినీ అదే అడిగి అడిగి ఆమె ప్రాణం ఉసూరుమంటోంది. నోరు దానంతటదే తెరుచుకుంది. "నా అభిప్రాయం కాదు నాన్నా, నీ అభిప్రాయమే ముఖ్యం."

వాడు పగలబడి నవ్వాడు. "ఆఫీసు ఇంటికి మోసుకొచ్చావా?" అన్నాడు. నవ్వి, కంచంలో మెతుకులు అటూ ఇటూ జరిపాడు. వద్దనిపించుకోవాలని అడిగాడు వాడు. ఆ సంగతి ఆమెకు ఆ క్షణానే తెలుసు. రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపు ఆమెకు దక్కితే కదా! వాడు పొద్దున్నే వెళ్ళి పేరిచ్చి వచ్చేశాడు.

వెళ్ళాక కొన్నాళ్ళు ఫోన్ చేశాడు. తర్వాత మానేశాడు. సైన్యం ఆఫీసుకు చేస్తే, "అంతా సవ్యంగా ఉందండీ" అని ఎవరో అమ్మాయి చెప్పేది. ఆ గొంతులోనూ ఎత్తూ పల్లం లేదు. తక్కెడక్క ఫోన్ పెట్టేసి, బాగా నేర్పారు అనుకునేది.

ఇక ఆఫీసులో జనం కూడా మారారు. గెలుస్తామనే అంటున్నారు గానీ, ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఖాళీ సాగిపోతోంది. అడిగాక అవతల ఊపిరి వినబడేది, ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడు వినబడేది, ఆ తర్వాత, "గెలుస్తాం." ఇళ్ళు వేరు, మనుషులు వేరు, కానీ అందరూ ఒక్క మనిషి చెప్పినట్టే చెప్పేవారు. బాబాయి కూడా చెవుల మీంచి ఫోన్ తీసేసి, "ఒకే కొంపకు పదే పదే చేస్తున్నట్టుందే అక్కా" అన్నాడు. ఆయన వేళాకోళం ఆడకుండా మాట్లాడడం ఆమె వినడం అదే మొదలు.

ఒక మధ్యాహ్నం, ఎండ కిటికీల మీద పెళపెళలాడుతుండగా, యంత్రం ఎవరింటికో కలిపింది. అవతల ఎత్తారు.

"నమస్కారమండీ. ప్రజాభిప్రాయ కేంద్రం నుంచి. మీ సమయం కొంచెం ఇస్తారా?"

"ఊఁ."

ఆమె ప్రశ్న చదివింది. అవతల ఫ్యాను తిరుగుతోంది. టిక్కు టిక్కుమని, రెక్క ఒకటి వదులైన ఫ్యాను. అలాంటి ఫ్యాన్లు ఊరినిండా ఉంటాయి, కాదనను. ఆ టిక్కుటిక్కు వెనకాల నీళ్ళ మోటారు ఎవరో ఆన్ చేశారు. అది తల్లి దగ్గరికి వదలని దూడలా అరిచి అరిచి అందుకుంది. అలా అరిచే మోటారు ఆమెకు తెలిసి ఒక్కటే, ఇంటావిడది. ఆ రెండింటికీ మధ్య సన్నగా ఇంకో చప్పుడు. గోడను గోటితో గీకుతున్న చప్పుడు.

ఆమె ఇంటికి తాళం వేసి వచ్చింది. తాళంచెవి ఒళ్ళోని సంచిలో ఉంది. చెయ్యి పెట్టి తడిమి చూసుకుంది, ఉంది.

"చెప్పలేను" అంది అవతలి గొంతు. జలుబు చేసినట్టు బొంగురుగా ఉంది.

ఆమె కుర్చీ అంచుకు జరిగింది. ఒరేయ్ అని అరవాలి. నువ్వేనా అని అడగాలి. కళ్ళు మాత్రం కాగితం మీద తర్వాతి వరసకు దిగాయి, వాటి వెనకే నోరూ దిగింది. ఏళ్ళ తరబడి అరిగిన దారి అది! "మీ ఇంటి నుంచి ఎవరైనా యుద్ధానికి వెళ్ళారా?"

"వెళ్ళాను."

గీకుడు ఆగింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"నువ్వేమంటావమ్మా? గెలుస్తామా?"

"మా అభిప్రాయం కాదండీ, మీ అభిప్రాయమే ముఖ్యం."

ఆ మాట తన నోట్లోంచి పోతుంటే ఆమె చెవులారా వింది. నాలుక కొరుక్కుంది, నెత్తురొచ్చింది. అప్పటికే ఫోన్ తెగిపోయింది.

ఇల్లు చేరేసరికి తాళం వేసింది వేసినట్టే ఉంది. తీసింది. ఫ్యాను ఆగి ఉంది, గది ఉడికిపోతోంది. ముక్కాలిపీట మాత్రం తానుంచిన మూలన లేదు, ఫోన్ దగ్గర ఉంది. దాని మీద సున్నం పొడి రాలి ఉంది. గోడ మీద పాత గీతల పక్కన కొత్త గీతలు, ఇంకా తెల్లగా. ఆమె వాటి మీద వేలు పెట్టింది. ఈ జన్మకు ఆ గోడకు సున్నం వెయ్యనివ్వను అనుకుంది.

మెట్ల కింద నుంచి ఇంటావిడ అరిచింది. "అబ్బాయి వచ్చాడా ఏమే? మాట మాత్రం చెప్పలేదు!"

"రాలేదు పిన్నీ."

"మరి మధ్యాహ్నమంతా పైన తిరిగిందెవరు? మా ఆయనా? ఆయన మంచినీళ్ళకే కుర్చీలోంచి లేవడు!"

ఆమె తలుపు దగ్గరికి వేసింది. ఆ మధ్యాహ్నం ఏ వారమో, ఏ తిథో మాత్రం మనసులో గుచ్చుకుపోయింది.

మర్నాడు ఆఫీసుకు పోయే దారిలో కిళ్ళీకొట్టు నుంచి తన ఇంటికి తనే ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. సాయంత్రమూ అంతే. సెలవుపెట్టి ఇంట్లోనే కూర్చుందామనుకుంది. కూర్చుంటే అడిగేదెవరు? అవతల ఎత్తేవాడున్నా ఇవతల అడిగేది తనే కదా. తెగిపోయిన ఫోన్ యంత్రం మళ్ళీ కలుపుతుంది, తనకే కలుపుతుంది. ఆ ఒక్క ఆశ పట్టుకుని జ్వరంతో కూడా పనికి వచ్చింది. బాబాయి చూసి, "ఇంటికి పోవే అక్కా, నీ ముఖం చూస్తే నాకే చలేస్తోంది. నీ ఫోన్లు నేను చూస్తాలే" అన్నాడు.

"ముట్టుకున్నావంటే మర్యాద దక్కదు" అంది. ఆయన చెవులకు ఫోన్ తగిలించుకున్నాడు.

పెద్దమేడమ్ పిలిచి అడిగింది. "ఏమ్మా, తెగిపోయింది ఎవరి ఫోను?"

"మా ఇంటిది మేడమ్."

పెద్దమేడమ్ ఆమె ముఖంలోకి చూసింది. ఆవిడకూ ఒక తమ్ముడు ఆ యుద్ధంలోనే ఉన్నాడని ఆఫీసులో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. "నియమం నియమమే. నువ్వే పూర్తి చెయ్యాలి" అని, తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

వచ్చింది ఆ ఫోన్, వారం గడిచాక, మళ్ళీ మధ్యాహ్నమే. అవతల ఎత్తగానే అది వాడేనని ఆమెకు తెలిసింది. ఫ్యాను లేదు, మోటారు లేదు. బయలులో నిలబడి మాట్లాడితే వినబడే ఖాళీ ఉంది. ఆమె ముందు ప్రశ్నల కాగితం బోర్లా తిప్పేసింది.

"ఒరేయ్ చిన్నోడా, నేనురా, అమ్మని. నువ్వు పోవడం నాకు ఇష్టం లేదురా. ఆ రోజూ లేదు. వద్దని చెప్పాల్సింది, చెప్పలేదు. నా నోరు పడిపోను! ఆ యుద్ధం గెలిస్తే గెలవనీ, ఓడితే ఓడనీ, ఎవడి గోల వాడిది. నాకు అవేం అక్కర్లేదు. నువ్వు వచ్చెయ్ నాన్నా. గోడంతా గీక్కో, ఏమీ అనను."

గదంతా చేతుల్లో పని ఆపేసి ఆమె వంకే చూస్తోంది. అంత పెద్ద గొంతు ఆమెకు ఉందని ఎవరికీ తెలియదు.

అవతల ఊపిరి తీసిన చప్పుడు. తర్వాత చిన్నగా, జాలిగా ఒక నవ్వు. అన్నం దగ్గర నవ్విన నవ్వే.

"ఇప్పుడా అమ్మా చెప్పేది?"

ఆ తర్వాత ఆ ఖాళీ కూడా వినబడలేదు.

ఆమె సంచి తీసుకుని లేచింది. ఎవరూ ఆపలేదు. ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. మెట్ల దగ్గర ఇంటావిడ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. పైన గుమ్మం ముందు యూనిఫారం వేసుకున్న ఇద్దరు ఉన్నారు. పెద్దవాడు టోపీ చంకలో పెట్టుకున్నాడు. రెండోవాడికి ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు, వాడి చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది.

"ఈ ఇంటివారు మీరేనా అండీ?"

"నేనే."

ఆ కుర్రాడు కాగితం విప్పి చదవడం మొదలెట్టాడు. సైన్యం తరఫున తెలియజేయునది అన్నాడు, చిన్నోడి పూర్తిపేరు చదివాడు. రాసి ఉన్నది రాసి ఉన్నట్టే చదువుతున్నాడు. ఎత్తూ లేదు, పల్లమూ లేదు. తర్వాత తేదీ చదివాడు. అది, పైన ఎవరు తిరుగుతున్నారే అని ఇంటావిడ అడిగిన రోజు.

అక్కడికొచ్చి వాడు చదవలేక ఆగిపోయాడు. పెద్దవాడు చెయ్యి చాపి, ఆ కాగితం తను తీసుకోబోయాడు.

"మీరు కాదండీ" అంది తక్కెడక్క. గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. "మొదలెట్టిన గొంతే పూర్తి చెయ్యాలి. చదువు నాన్నా."