మమ్మల్ని ఉరికించిన సార్

మొన్న ఆదివారం పొద్దున సార్ పోయారు. నేను పనిచేసే బట్టల షాపుకు బస్సులో వెళ్తుంటే ఆయన భార్య ఫోన్ చేసి, "మీ సార్ ఇగ లేడు బిడ్డా" అంది. శాలిబండ స్టాపులో దిగేసి, సార్ ఇంటివైపు నడిచాను.

ఆయన రిటైరైన కానిస్టేబుల్. హైదరాబాద్ పాతబస్తీలోని మా ఛత్రినాక పిల్లల్ని పోలీసు ఉద్యోగాలకు తయారుచేసేవారు. మైదానంలో మాతోపాటు తానూ పరుగెత్తేవారు. ఎవరైనా వెనకబడితే తిట్టకుండా, తిరిగి వచ్చి వాళ్ల పక్కన పరుగెత్తేవారు. "ముంగటున్నోనికి నేనెందుకు? ఆడు ఎట్లైనా ఉరుకుతడు" అనేవారు.

కరోనా వచ్చి మైదానానికి తాళం పడింది. సార్‌కూ సోకింది. బతికి బయటపడ్డారు కానీ ఊపిరి మునుపటిలా లేదు. మైదానం తెరిచాక, విజిల్ ఊదలేక చప్పట్లు కొట్టి మమ్మల్ని పరుగెత్తించేవారు. నోటిఫికేషన్ కోసం చూస్తూ చూస్తూనే నా వయసు గడిచిపోయింది. తీరా అది వచ్చేసరికి, వయోపరిమితిలో ఇచ్చిన సడలింపు కూడా నాకు సరిపోలేదు. బూట్లు మంచం కిందికి తోసి, మైదానానికి వెళ్లడం మానేశాను.

ఒకరోజు ఆయనే ఆయాసపడుతూ మా ఇంటి మెట్లెక్కి వచ్చారు.

"ఏందమ్మా, వస్తలేవు?"

"వయసు దాటిపోయింది సార్. ఇంక ఎందుకు ఉరకాలె?"

ధైర్యం చెబుతారనుకున్నాను. ఆయన నీళ్లు తాగి, మంచం కిందున్న నా బూట్లు బయటికి లాగారు.

"ఇంట్ల ఒక్కదానివే కూసొని ఏడ్వకు. ఏడిస్తే గ్రౌండుకొచ్చి ఏడువు."

వెళ్లాను. ఏడుస్తూనే పరుగెత్తాను. నా పక్కన పరుగెత్తిన, నాకంటే చిన్నదైన అమ్మాయికి కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది. నాకు ఈ షాపులో పని దొరికింది.

చివరిసారి నేను ఆసుపత్రికి చూడబోయినప్పుడు, ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని కూడా, "పని మంచిగున్నదా?" అని అడిగారు.

"లేదు సార్."

"మంచిగున్నదని అబద్ధం చెప్పలేదు, గంతే చాలు. ఇంకోటి దేవులాడు" అన్నారు. ఇంకా వెతుకుతూనే ఉన్నాను. ఏమీ దొరకలేదు.

ఆదివారం సాయంత్రం పాడె మోసింది ఆయన తయారుచేసిన పిల్లలే. సెలవు దొరకక పని మధ్యలో వచ్చినవాళ్లు. ఒకడి ఒంటిమీద ఫుడ్ డెలివరీ చొక్కా, ఒకడివి సెక్యూరిటీ గార్డు బట్టలు, ఇంకొకడిది పెట్రోల్ బంకు యూనిఫాం. పోలీసు ఖాకీలో వచ్చింది ఆ అమ్మాయి ఒక్కతే. చితి అంటుకుంటుండగానే పనికి రమ్మంటూ జేబుల్లో ఫోన్లు మోగసాగాయి. శ్మశానం గేటు బయట, ఒక్కొక్కరూ కళ్లు తుడుచుకుని, హెల్మెట్లు పెట్టుకుంటున్నారు.