బావి మీద ఇల్లు, ఇంటి మీద బీమా

ఇల్లంటూ ఒకటి కట్టుకున్నాక మనిషికి పైనుంచి వచ్చేదొకటి, కిందినుంచి వచ్చేదొకటి, రెండు భయాలు ఉండి తీరాలని నేను గట్టిగా నమ్మిన కాలం అది. ఉద్యోగం కొత్త (కదిరిలో విత్తనాల దుకాణంలో గుమాస్తా), ఇల్లు కొత్త. మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ ముందుచూపు లేదన్న నమ్మకం మాత్రం పాతది. పక్క జిల్లాలో ఎక్కడో వానలకు పొలంలో నేల గుండ్రంగా దిగబడిపోయిందని టీవీలో చూపించినప్పుడు వాన మొహం ఎరగని మా ఊళ్ళో అందరూ అంత వాన పడిందా అని కుళ్ళుకున్నారు. నేనొక్కణ్ణే తల తిప్పి మా మూల గది వైపు చూశాను.

ఎందుకంటే ఆ గది ఉన్నది పాత బావి మీద. చుట్టూ బోర్లు పడి నీళ్ళన్నీ లాగేశాక ఆ బావి ఎండిపోయింది. రోడ్డు పక్కన మాకున్న స్థలం అదొక్కటే కావడంతో నాయన దాంట్లో రాళ్ళూ మట్టీ పోయించి పైన మిద్దె వేశాడు. ఆ గదిలో పడుకునేది మా అమ్మ. నేల కుంగితే ముందు కుంగేది ఆమె మంచం. ఈ మాట ఎత్తితే నాయన, ఎండిన బావి యాడికి పోతుందిరా అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయేవాడు.

ఇక నేనే పూనుకుని గాలివాన మామను పట్టుకున్నాను. అమ్మకు దూరపు తమ్ముడు, ఇన్సూరెన్సు ఏజెంటు. గాలివాన వస్తే మీ గతేమిటని అందరినీ భయపెడతాడు గనక ఆ పేరు వచ్చింది. గాలివానకు పాలసీ సులువుగానే వస్తుందనీ, నేల కుంగడానికి మాత్రం సర్వేయరు వచ్చి చూసి సరేననాలనీ చెప్పాడు. చెప్పి ఊరుకోకుండా కదిరి బస్సులో అందరి ముందూ, "మా అల్లుడు వాన పడని ఊర్లో వానకు ఇన్సూరెన్సు కడతాండాడప్పా" అన్నాడు (ఆ పాలసీ అమ్మేది తానే అన్న సంగతి మరిచి). ఆ రోజు బస్సులో నవ్విన ప్రతి మొహం నాకు ఈనాటికీ గుర్తుంది. వాళ్ళలో ఇద్దరి ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకు నేను పోలేదు.

సర్వేయరు వస్తున్నాడని తెలిసి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. బావి సంగతి ఆయన అడిగితే జవాబు నేనే చెబుతాను, మీరెవరూ కల్పించుకోవద్దు అని. ఎప్పుడో ఎండిపోయింది, పొర పొరగా మట్టి వేసి దిమ్మిస కొట్టించాము అని మర్యాదగా, పొట్టిగా చెప్పడం సాధన కూడా చేశాను. ఆయన్ని బస్టాండు నుంచి నా బండి మీదే తీసుకొచ్చాను. తనకల్లు వైపు మనిషి. మిద్దె చూశాడు, గోడలు తట్టాడు, గాలివానకు దిగుల్లేదన్నాడు. తర్వాత మూల గదిలో కాలితో నేలను రెండుసార్లు తొక్కి, ఈడ ముందు బావి ఏమన్నా ఉండెనా అని అడిగాడు.

నేను గొంతు సవరించుకున్నాను. ఆ లోపే గడప దగ్గర నుంచి నాయన అందుకున్నాడు.

"ఉండెనా అంటావేమప్పా? చుట్టూ ఊర్లన్నీ ఎండినప్పుడు జనం బిందెలెత్తుకోని యాడికొచ్చినారనుకున్యావు? ఈడికే."

"తియ్య నీళ్ళా?" అన్నాడు సర్వేయరు.

ఆ అడిగిన తీరులోనే నా పని అయిపోయింది. ఆయన అడిగింది ఇన్సూరెన్సు ప్రశ్న కాదు, నీళ్ళు లేని ఊరివాడి ప్రశ్న. నాయన మంచం వాల్చాడు. పక్కింటి పెద్దమ్మ పిలవకుండానే వచ్చి, ఆ నీళ్ళతో కందిబేడలు ఎంత మెత్తగా ఉడికేవో చెప్పింది. సర్వేయరు తమ ఊరి నీళ్ళల్లో పప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదని వాపోయాడు. నేను మధ్యలో దూరి దిమ్మిస సంగతి ఎత్తబోతే పెద్దమ్మ నన్ను తోసేసి, "దిమ్మిస యాడిది సార్. మట్టి పోస్తాంటే మింగతానే ఉండె. అంత లోతు బావి అది" అంది గర్వంగా. నాయన అవునన్నట్టు తల ఊపాడు, బిడ్డ ఫస్టు క్లాసులో పాసయిందని విన్నవాడిలాగా.

సర్వేయరు టీ తాగి, నాయన చేతులు పట్టుకుని, ఇట్లాంటి బావి కథ విని ఎన్నాళ్ళయిందో అన్నాడు. గడప దాటాక నా వైపు చూసి, "ఈ అబ్బాయి ఎవరు?" అని అడిగాడు. తనను బండి మీద మోసుకొచ్చిన వాణ్ణి. తర్వాత గాలివాన మామ వచ్చి, గాలివానకు సరేనన్నారు, నేల కుంగడానికి కాదన్నారు అని చెప్పిపోయాడు.

ఆ రోజు నాయనతో గట్టిగా పోట్లాడాను. రేపు అమ్మ మంచంతో సహా నేల కుంగితే ఏం చేస్తావు అని అడిగాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"కుంగితే అడుగున నీళ్ళొచ్చినట్లే కదరా" అన్నాడు.

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం? అమ్మ మంచం పక్క గదిలోకి మార్చబోతే ఆమె కూడా ఒప్పుకోలేదు, ఆ గదే చల్లగా ఉంటుందని. కోపంతో గాలివాన పాలసీ మాత్రం తీసుకుని ఏటేటా కడుతూనే ఉన్నాను. ఒక్క ఏడూ మా ఊళ్ళో గాలి కూడా సరిగ్గా వీయలేదు.

మొన్న వానాకాలంలో ముసురు పట్టింది. మా ఊరు మరిచిపోయినంత వాన. మిద్దెకు ఏమీ కాలేదు. మూల గది నేల మాత్రం జానెడు దిగింది. అమ్మ అప్పుడు వంటింట్లో ఉంది గనక బతికిపోయాం, మంచం ఒక పక్కకు ఒరిగి ఊరుకుంది. మామకు ఫోను చేస్తే, నేల కుంగడం నీ పాలసీలో లేదు కదా అల్లుడూ అన్నాడు, అది నాకు తెలియనట్టు. నాయన పోయి కొన్నేళ్ళయింది. పెద్దమ్మ మీదా, సర్వేయరు మీదా, మామ మీదా వేయాల్సిన నిందలన్నీ వరుసగా నా దగ్గర సిద్ధంగానే ఉన్నాయి. గడ్డపారతో బండ లేపి, గుంత ఎంత లోతో చూద్దామని చెయ్యి పెట్టాను. మట్టి చల్లగా తగిలింది. పిడికిలి బిగిస్తే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి.

ఆ మట్టి తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టాను. ఆమె వాసన చూసి, మీ నాయన ఉండుంటే ఈపాటికి ఊరంతా పిలిచేవాడు అంది. ఆమె దగ్గరికి వచ్చే ముందే నేను పక్కింటి పెద్దమ్మకు చెప్పి వచ్చాను. అప్పటికే మా గడప బయట చెప్పుల చప్పుడు మొదలైంది, ఆమెకింకా వినబడలేదు.