నాయనమ్మ వేసిన ముడులు

మా చిన్నతనంలో... గుమ్మడిదలలో మా వంటింటి డబ్బాలన్నిటికీ గుడ్డపేలికలు కట్టి ఉండేవి. ఉప్పు డబ్బా పేలికకు ఒక ముడి, చక్కెరకు రెండు, చాయ్‌పత్తాకు మూడు... చూపు పోయిన మా నాయనమ్మ ఆ ముడులు తడుముకుంటూ ఇంటిల్లిపాదికీ వండిపెట్టేది.

నాకప్పుడు పదేళ్లు. శ్రావణ శుక్రవారం అని ఇల్లంతా కడుగుతున్నాం. మసిబట్టిన ఆ పేలికలు చూస్తే నాకు మనసొప్పలేదు. అన్నీ విప్పి, సబ్బుతో ఉతికి, ఆరేసి... మళ్లీ కట్టాను. ఏది ఏ డబ్బాదో చూసుకోలేదు!

నాయనమ్మ అమ్మవారికి పాయసం చేసింది. నైవేద్యం కదా... రుచి చూడదు. దేవుడికి పెట్టి అందరికీ పంచింది. నోట్లో పెట్టుకుంటే ఉప్పు కషాయం! ప్రసాదం ఉమ్మకూడదని అందరం కళ్లు మూసుకుని మింగాం.

నాయనమ్మ పెద్దకొడుకు, మా పెద్దబాపు గిన్నె పక్కన పెట్టాడు. "ఇగ చాలమ్మా. రేపటి సంది పొయ్యి కాడికి పోకు. ఒక్క జాగల కూసో, కోడండ్లు వండిపెడ్తరు."

నాయనమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది... ఆ చేతులు ఊరికే ఉండడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

నాకు ఏడుపొచ్చేసింది. "నాయనమ్మ తప్పు కాదు పెద్దబాపూ... పేలికలు నేనే ఇప్పి ఉతికిన."

నాయనమ్మ పకపకా నవ్వింది. "ఓ పోరీ... నా కండ్లనే ఇప్పి ఉతికి ఆరేసినవానే! పో, డబ్బాలు పట్కరా. పేర్లు నువ్వు చెప్పు, ముడులు నేనేస్త."

మర్నాడు పొద్దున్నే చాయ్ తనే పెట్టింది. పెద్దబాపు తాగి, ఇంకొంచెం పొయ్యమన్నాడు. ఆ తర్వాత ఆమెను పొయ్యి దగ్గర నుంచి ఎవ్వరూ లేపలేదు.

ఇప్పుడు నాకు యాభై. షుగర్‌తో చూపు బాగా తగ్గింది. బీరంగూడలో నాతో ఉండే మా అబ్బాయి కూడా "ఇగ వంట బంద్ చెయ్యమ్మా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. సంగారెడ్డిలో చూపు లేనివాళ్లకు నేర్పే మేడమ్ దగ్గరికి రెండు నెలలు వెళ్లాను. కర్రతో నడవడం, ఫోన్‌తో చదివించుకోవడం... అన్నీ ఓపికగా నేర్పింది. డబ్బాలకు రబ్బరు బ్యాండ్లు వేసుకోమన్నప్పుడు మాత్రం నవ్వొచ్చింది.

"ఇది నాకొచ్చు మేడమ్... మా నాయనమ్మ నేర్పింది" అన్నాను.

మొన్న శుక్రవారం అమ్మవారి పాయసం నేనే చేశాను. రుచి చూడకుండానే. మా అబ్బాయి రెండోసారి వేయించుకున్నాడు.

పేలికలు పోయి రబ్బరు బ్యాండ్లు వచ్చాయి... "ఓ పోరీ" అని పిలిచే గొంతే లేదు. మీ ఇండ్లల్లో కూడా ఇట్లా చేతివేళ్లతోనే ఇల్లు నడిపినవాళ్లుంటే రాయండి... నా ఫోన్ చదివి వినిపిస్తుంది.