సుగుణమ్మ గారు అడిగిన ఒక్క మాట

2022 వానకాలం. పాతబస్తీల దబీర్‌పురా రైల్వే స్టేషన్ దగ్గర ఒక చిన్న క్లినిక్‌ల స్పీచ్ థెరపిస్ట్‌గా పని చేస్తున్న. మాట పోయినోళ్లకు మళ్లా మాట నేర్పే పని ఇది. చానామంది నన్ను గొంతు డాక్టర్ అనుకుంటరు గానీ నా పని ఎక్కువ మెదడుతోనే. క్లినిక్‌కు రాలేనోళ్ల ఇండ్లకు నేనే పోత. అట్లనే గౌలిపురల దయానందం సార్ ఇంటికి పోయిన.

వాళ్లది బాపట్ల దిక్కు. సర్కారు ఆఫీసుల సూపరింటెండెంట్‌గా రిటైర్ అయి, ఇక్కడనే ఉండిపోయినరు. చర్చిల సంఘ పెద్ద. ఎవరింట్ల జ్వరమొచ్చినా, ఎవరి పిల్లలకు పరీక్షలున్నా సార్‌తోని ప్రార్థన చేయించుకునేటోళ్లట. స్ట్రోక్ వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పోయినయి. మాట పోవుడును మేము అఫేసియా అంటం. మనం చెప్పేది వాళ్లకు చానా వరకు అర్థమైతది. వాళ్లు చెప్పాల్సింది గూడ లోపల ఉంటది. మాట దొరకదు, అంతే. సార్‌కు మిగిలింది "అదే" అనే ఒక్క మాట. దాహమైనా "అదే", నొప్పి లేసినా "అదే".

మొదటి రోజే ఆయన భార్య సుగుణమ్మ గారు నన్ను వంటింట్లకు పిలిచి అడిగినరు.

"మాట వస్తుందా అమ్మా?"

"మొదటి నెలల్ల ఎంత వస్తే అంత. గట్టిగ ప్రయత్నం చేద్దాం. ఇంతొస్తదని మాత్రం చెప్పలేను."

"మీ ప్రయత్నం మీరు చేయండి. నా ప్రార్థన నేను చేస్తాను."

నేను పని మొదలుపెట్టే ముందు ఆమె సార్ మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసేటోళ్లు. మా నాయన గుడిల అర్చకుడు. వాళ్ల ప్రార్థన పద్ధతి నాకు తెల్వదు. తల వంచుకొని కూసునేదాన్ని. ఆ తర్వాత గ్లాసు బొమ్మ, తాళంచెవి బొమ్మ చూపెట్టేదాన్ని. సార్ బొమ్మను మస్తు సేపు చూసేటోళ్లు. పెదవులు కదిలిచ్చేటోళ్లు. ఆఖరికి "అదే" అని, అది తప్పని తనకే తెలిసి కండ్లు తుడుచుకునేటోళ్లు.

ఒకరోజు ఆటోమేటిక్ స్పీచ్ పెట్టి చూసిన. అంకెలు, వారాల పేర్లు, చిన్నప్పటి నుంచి నోటికొచ్చినవి అన్నట్టు. మాట పోయినోళ్లకు గూడ ఇవి ఒక్కోసారి గడగడా వస్తయి. "సార్‌కు బాగా నోటికొచ్చింది ఏముంది?" అని అడిగిన. సుగుణమ్మ గారు చర్చిల అందరూ కలిసి చెప్పే ప్రభువు ప్రార్థన ఎత్తుకున్నరు. రెండో మాటకే సార్ అందుకున్నరు. ఎక్కడా తడబడకుండా ఆమేన్ దాకా చెప్పినరు. ఆమె గోడ పట్టుకొని కిందికి జారి కూసున్నరు. ఏడుస్తనే ఫోన్ తీసి పాస్టరుకు చెప్పినరు.

ఆమె ఫోన్ పెట్టేదాకా ఆగి చెప్పిన.

"అమ్మా, ఇది మాట తిరిగొచ్చినట్టు కాదు. కంఠస్థమైనవి మెదడుల వేరే తోవల నుంచి వస్తయి. ఇప్పుడు నీళ్లు అడగమంటే అడగలేరు."

ఆమె సార్ వైపు తిరిగి, "ఏవండీ, నీళ్లు కావాలా? నీళ్లు అనండి" అన్నరు.

"అదే" అన్నరు సార్.

ఆమె నా దిక్కు తిరిగి అడిగినరు. "అయితే ఇందాక ఆయన ప్రార్థన చేయలేదంటారా?"

"అది నాకు తెల్వదమ్మా. మాట రాలేదు అన్నది ఒక్కటే తెలుసు."

కానీ సంఘమంతా కబురు పోయింది. మాట తిరిగొచ్చిందని దేవునికి వందనాలు చెప్పేటందుకు ఆదివారం చర్చిల కృతజ్ఞత కూడిక పెట్టినరు. వద్దని ఆమె చెప్పినా, విశ్వాసముంచమ్మా అన్నరట. నేను గూడ పోయిన. సార్‌ను వీల్‌చైర్‌ల ముందుకు తీసుకపోయి మైకు పట్టినరు. ప్రార్థన మొత్తం చెప్పినరు. అందరూ చప్పట్లు కొట్టినరు. పాస్టరు సంతోషంతోని, "సంఘానికి రెండు మాటలు చెప్పండి అన్నా" అన్నరు.

"అదే... అదే..."

మైకుల మళ్లా "అదే" వినబడ్డది. సార్ ఎడమచేతితోని తన నోటి మీద తనే కొట్టుకున్నరు. మళ్లా కొట్టుకోబోతుంటే సుగుణమ్మ గారు ఉరికొచ్చి ఆ చెయ్యి పట్టుకున్నరు.

ఆ రోజు నుంచి సార్ ఆ ప్రార్థన గూడ చెప్పలేదు. ఆమె మొదలుపెడితే గోడ దిక్కు తిరిగేటోళ్లు. ఇంటికొచ్చేటోళ్లు తగ్గినరు. ఆ ఇంట్ల ఏదో దాచిన పాపం ఉంటది, అందుకే ప్రార్థనకు జవాబు లేదని ఎవరో అన్నరట. ఆ మాట నాకు చెప్పేటప్పుడు ఆమె గొంతుల కోపం గూడ లేదు.

"ఆయన మళ్లీ చర్చిలో నిలబడి వాక్యం చెప్పాలని అడగలేదమ్మా నేను. ఒక్కసారి సుగుణా అని పిలిస్తే చాలని అడిగాను. రోజూ అదే అడుగుతున్నాను. దేవుడూ పలకడు, ఈయనా పలకడు. పలకని ఇద్దరితో కాపురం చేస్తున్నాను."

"మరి ఇంకా ఎందుకు మోకరిస్తున్నరమ్మా?"

"మానేస్తే ఇంకెవరితో చెప్పుకోను?"

నెలలు గడిచినయి. మా భాషల ప్లాటో అంటం, అంటే ఇంకేం మెరుగు కనబడని దశ. మాటల పని పక్కకు పెట్టి బొమ్మల అట్ట చేసిచ్చిన. నీళ్లు, ఫ్యాను, నొప్పి, బాత్‌రూమ్. ఏది కావాల్నో దాని మీద వేలు పెట్టాలె. జోడించిన చేతుల బొమ్మ గూడ పెట్టమని ఆమె అడిగితే పెట్టిన. సార్ అన్నింటి మీద వేలు పెట్టేటోళ్లు, దాని మీద తప్ప. ఎండలు ముదిరినంక ఒకరోజు ఆ బొమ్మ మీద వేలు పెట్టి, ఆమె భుజం మీద తట్టినరు. ఆమె నోరు తెరిచినరు గానీ ఏడుపు తప్ప ఏం రాలేదు. అది తగ్గినంక, "ఈయనకి ఈ రోజు కాస్త నిద్ర పట్టనియ్యి ప్రభువా" అన్నరు, అంతే. సార్ ఆ పూట గోడ దిక్కు తిరగలేదు.

ఆ ఎండకాలంలనే రెండో స్ట్రోక్ వచ్చింది. దవాఖానల రెండ్రోజులు కండ్లు తెరిచే ఉన్నరట. ఆమె పేరు పిలవకుండనే పోయినరు.

కర్మకాండలేవో అయిపోయి ఉంటయనుకొని, కొన్ని రోజులకు చూసొద్దామని పోయిన. పొద్దుటిపూట. మంచం తీసేసినరు. ఆ ఖాళీ జాగ పక్కనే ఆమె మోకరించి ఉన్నరు. లేచినంక టీ పెట్టినరు.

"ఇప్పుడేం అడుగుతున్నరమ్మా?"

"ఆ ఒక్క పిలుపు ఎందుకియ్యలేదని అడుగుతున్నాను. నువ్వు ఉన్నావనే అడుగుతున్నాను అని కూడా చెబుతున్నాను. కోపంగానే." టీ గ్లాసు నా చేతికిచ్చి, "ప్రభువు ఇంకా ఏమీ చెప్పలేదు" అన్నరు.

ఈ కేసుల నేను బాగుచేసింది ఏం లేదు. మా క్లినిక్‌ల ప్లాటో వచ్చిందంటే ఫైల్ మూసేస్తరు, కొత్త పేషెంట్లు ఉంటరు గద మరి. సుగుణమ్మ గారిని చూసినంక నేను ఒకటి నేర్చుకున్న. మెరుగు లేని ఇంట్ల గూడ మనుషులు రోజూ ఎవరి ముందరనో కూసొని అడుగుతనే ఉంటరు. అసొంటి ఇండ్లకు అప్పుడప్పుడు పోతున్న. చెప్పేటందుకు నా దగ్గర ఏం ఉండదు. వాళ్లు చెప్తరు, నేను వింట.